పన్నెండు గంటలు నిలబడేటోళ్లకు ఇంకా నడక ఎందుకు?

  

పోస్టు జర పొడుగు ఉంది. తీరిక దొరికినప్పుడు చదవండి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలు ఉంటే వాళ్లకు చదివి వినిపించండి. మన భాషలో చెప్పగలిగితే ఇంకా మంచిది, దవాఖానాలో ఆ పని ఎవరూ చేయరు.

మేము సంగారెడ్డిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. ఒక్క రూమ్‌లో నలుగురం. ఇద్దరం నారాయణఖేడ్ దిక్కు తండాలోళ్లం, ఒకరు ఉట్నూరు దిక్కు గోండోళ్లు, ఒకరు భద్రాచలం అవతలి కోయోళ్లు. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. ఈ పోస్టులో బాపు అని రాసింది మా నలుగురిలో ఒకరి బాపు గురించి. ఎవరి బాపో రాయట్లేదు, ఆయన పనిచేసే కంపెనీ పేరు కూడా రాయట్లేదు. కాంట్రాక్టు కూలీకి షుగర్ ఉందని తెలిస్తే రేపటి నుంచి రావొద్దంటరని ఆయన భయం. అందుకే నలుగురికీ బాపే అనుకుని చదవండి.

బాపుకు నలభై ఆరేళ్లు. సన్నగా ఉంటడు, పొట్ట కొంచెమే. ఇస్నాపూర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని యాడి, బాపు ఉంటరు. పాశమైలారంలో ప్యాకింగ్ పని, పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మూడేళ్ల కింద షుగర్ బయటపడింది. అప్పటి నుంచి ప్రతి డాక్టరూ చెప్పేది ఒక్కటే మాట, రోజూ అరగంట నడువు. బాపు ప్రతిసారీ అదే జవాబు ఇస్తడు.

"పన్నెండు గంటలు నిలబడే ఉంటున్న గద సార్. ఇంకేం నడవాలె? నడక ఏసీల కూసునేటోళ్లకు."

ఈ ప్రశ్నకు మా నలుగురి దగ్గర జవాబు లేకుండె. మాలో ఇద్దరం బీజెడ్‌సీ. పరీక్షలో ఇన్సులిన్ గురించి పది మార్కుల జవాబు రాసినం గానీ, బాపు ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. లైబ్రరీలో వెతికినం, జువాలజీ మేడమ్‌ను అడిగినం, ఆదివారాలు ఇస్నాపూర్ పోయి బాపు వేలు గుచ్చి చూసినం. తెలిసింది రాస్తున్నం.

ముందు ఒక మాట. కష్టజీవులకు షుగర్ రాదు, సన్నటోళ్లకు రాదు అని తండాల్లో ఇప్పటికీ అంటరు. 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఫలితాలు వచ్చినయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నరని లెక్క. అంత మందీ లావుగా ఉన్నోళ్లే అనుకోవడం కుదరదు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ అనే ఆయన మనోళ్ల శరీరాల మీదే ఏళ్లకేళ్లు పనిచేసిండు. 2004లో ఆయన, ఇంగ్లండ్ డాక్టర్ యుడ్కిన్ కలిసి లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోలే వేసుకున్నరు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నగా ఉన్నా లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. కడుపులో ఉన్నప్పుడు తల్లికి సరైన తిండి లేక తక్కువ బరువుతో పుట్టినోళ్లకు పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువని కూడా ఆయన చెప్పిండు. మన తండాల్లో, గూడేల్లో తక్కువ బరువుతో పుట్టనోళ్లు ఎందరు?

బాపు వయసులో ఉన్నప్పుడు చెరుకు కోతకు పోయేటోడు. ఖేడ్ దిక్కు తండాలోళ్లకు ఇది చెప్పక్కర్లేదు, దీపావళి దాటితే సగం తండా మహారాష్ట్ర, కర్ణాటక దిక్కు బండ్లు కట్టేది. వంగుడు, నరుకుడు, మోపు కట్టుడు, నెత్తిన పెట్టుకుని లారీ ఎక్కించుడు. అది శ్రమ. ఒంట్లో ఉన్న ప్రతి పెద్ద కండా పనిచేస్తది, ఊపిరి ఎగబోస్తది, మధ్యలో చెట్టు కింద విశ్రాంతి ఉంటది. ఇప్పుడు బాపు చేసేది ఏంది? బెల్టు మీద డబ్బాలు వస్తుంటయి, మూత చూడాలె, అట్టపెట్టెలో సర్దాలె. చేతివేళ్లు ఆడతయి, నడుము నొస్తది, కాళ్లు వాస్తయి. గుండె వేగం మాత్రం పెరగదు. తొడ కండ, పిక్క కండ బిగబట్టుకుని ఉంటయి గానీ సాగి ముడుచుకోవు. అలసట ఉంటది, వ్యాయామం ఉండదు. ఈ తేడా మాకు అర్థం కావడానికి నెల పట్టింది.

ఇది మా నలుగురి సిద్ధాంతం కాదు. డెన్మార్క్‌లో హోల్టర్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు గుండె జబ్బుల విషయంలో దీన్ని చాన్నాళ్ల నుంచి చెప్తున్నరు. తీరిక వేళ చేసే నడక, ఆట గుండెకు మేలు చేస్తయి. గంటల తరబడి విశ్రాంతి లేకుండా నిలబడి, బరువులెత్తి చేసే కూలి పని ఆ మేలు చేయకపోగా కీడు కూడా చేయవచ్చు. దాంతోపాటు రాత్రి షిఫ్టు, నిద్రలేమి. రెండూ ఇన్సులిన్ పనిని చెడగొట్టేవే. అంటే బాపు ఒళ్లు రెండు దిక్కులా నష్టపోతుంది.

ఇప్పుడు లోపల ఏం జరుగుతదో చూద్దం. ఇస్నాపూర్ చౌరస్తాలో షేర్ ఆటోలు చూసే ఉంటరు. కండరం కణంలో కూడా అట్లాంటి ఆటోలు ఉంటయి, వాటి పేరు గ్లూట్-4. మామూలుగా కణం లోపల పార్కింగ్‌లో ఉంటయి. తిన్నాక ఇన్సులిన్ వచ్చి హారన్ కొడితే అంచుకు వచ్చి నెత్తుట్ల ఉన్న గ్లూకోజ్‌ను ఎక్కించుకుని లోపలికి తీసుకపోతయి. టైప్-2 షుగర్ ఉన్నోళ్లలో హారన్ మోగుతనే ఉంటది, ఆటోలకు సరిగ్గ వినపడదు. గ్లూకోజ్ రోడ్డు మీదనే నిలబడుతది. పరీక్షలో 200, 250 అని కనపడేది అదే.

నడిచినప్పుడు, ఎగిరినప్పుడు కండరం సాగి ముడుచుకుంటది. అప్పుడు ఆ ఆటోలు హారన్ లేకుండానే బయటికొస్తయి. ఇన్సులిన్ దారి మూసుకుపోయినోళ్లకు కూడా ఈ రెండో దారి తెరిచే ఉంటది. మాకు ఇది చదివినప్పుడు నిజంగా సంతోషమైంది. ఇంకో సంగతి, నడక ఆపినంక కూడా ఆ కండరం ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట కొంచెం ఎక్కువ వింటది. ఖర్చయిన నిల్వను నింపుకోవాలె గద. అందుకే డాక్టర్లు వారానికి 150 నిమిషాలు చేయమంటరు, వరుసగా రెండు రోజులకు మించి మానొద్దంటరు. ఆదివారం ఒక్కనాడే మూడు గంటలు నడిచి వారమంతా పడుకుంటే లెక్క కుదరదు.

వీటితో పాటు కండ పెంచే పని కూడా వారానికి రెండు మూడు సార్లు ఉండాలె. కండ ఎక్కువుంటే ఆటోలు ఎక్కువ. డంబెల్స్ అక్కర్లేదు. కుర్చీలో కూసొని లేచుడు, గోడకు చేతులు ఆనించి దండీలు, నీళ్ల బిందె మోసుడు సరిపోతయి.

షుగర్ అంచున ఉన్నోళ్ల గురించి మన దేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని తీసుకుని సుమారు మూడేళ్లు గమనించింది, 2006లో ఫలితాలు అచ్చయినయి. నడక, తిండి మార్చుకున్నోళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ గోళీ వేసుకున్నోళ్లలో 26.4 శాతం. రెండూ కలిపి చేసినోళ్లకు అదనంగా పెద్ద లాభమేం కనపడలే. ఆ పరిశోధనలో ముందు నుంచే కూలి పని చేస్తున్నోళ్లను, రోజూ అరగంటకు మించి నడిచేటోళ్లను, సైకిల్ తొక్కేటోళ్లను మీ పని అట్లనే చేసుకోండని చెప్పిన్రు. అంటే అసలైన శ్రమను వాళ్లు శ్రమగానే లెక్కపెట్టిన్రు. బాపు అడిగిన ప్రశ్న తప్పు కాదు. ఆయన పని మారిపోయింది, అంతే.

ఆయన సైకిల్ సంగతి ఇక్కడ చెప్పాలె. ఇస్నాపూర్ నుంచి కంపెనీకి నాలుగు కిలోమీటర్లు, రానుపోను ఎనిమిది. బాపుకున్న నిజమైన వ్యాయామం అదొక్కటే. పోయినేడాది అది కూడా బంద్ చేసిండు. ఎందుకో మాకు వెంటనే చెప్పలే, యాడి చెప్పింది.

ఒక రాత్రి షిఫ్టులో లారీ దించేటోళ్లు తక్కువ పడ్డరని ప్యాకింగ్ వాళ్లను కూడా పంపిన్రు. రెండు గంటలు బస్తాలు మోసిండు. అంతకు ముందు గ్లిమిపిరైడ్ గోళీ వేసుకున్నడు, అన్నం మాత్రం సగమే తిన్నడు. తెల్లవారి నాలుగింటికి చెమటలు, చేతులు వణుకుడు, మాట తడబడుడు. సూపర్‌వైజర్ తాగొచ్చినవా అని అడిగిండట. పక్కన పనిచేసే ఒడిశా తమ్ముడు వాళ్ల నాన్నకు ఇట్లనే అయితుండెనని చెప్పి, క్యాంటీన్ నుంచి చక్కెర ఎక్కువేసిన చాయ్ తెచ్చి తాగించిండు. పావుగంటకు మనిషి మనిషైండు. ఆ పిలగాడు లేకపోతే ఏమయ్యేదో రాయడానికి చెయ్యి రావట్లేదు. బాపుకు నెలకు వచ్చే కూలి మీదే మాలో ఒకరి చదువు, వాళ్ల చెల్లె ఇంటర్ నడుస్తున్నయి.

ఆ తర్వాత బాపు లెక్క ఏందంటే, కష్టపడితే షుగర్ పడిపోతది, పడిపోతే నౌకరి పోతది, కాబట్టి కాళ్లు కదపొద్దు. సైకిల్ గోడకు ఆనించిండు, ఆటోలో పోవుడు మొదలుపెట్టిండు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 9.4 వచ్చింది.

మీలో చాలామంది ఇళ్లల్లో ఇదే జరుగుతుండొచ్చు, కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేటోళ్లకు నడకతో షుగర్ పడిపోవుడు అరుదు. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటి గోళీలు వేసుకునేటోళ్లకు, ఇన్సులిన్ తీసుకునేటోళ్లకు ఆ ముప్పు ఉంటది. ఈ మందులు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను నెత్తుట్లకు తోస్తయి. దానికి శ్రమ తోడైతే రెండు దారులూ ఒక్కసారే తెరుచుకుంటయి. మోతాదు, టైము తగ్గించాల్నా మార్చాల్నా డాక్టర్‌తోనే చెప్పించుకోవాలె, మనకు మనం గోళీ ఆపొద్దు. చీటీ మీద గోళీ పేరు చదివి ఇది ఏ రకమో ఇంట్లోళ్లకు చెప్పుడు మాత్రం మన పని. ఇంట్లో ఇంగ్లిష్ చదవొచ్చింది మనమే కద.

ఇన్సులిన్, ఆ రకం గోళీలు వాడేటోళ్లు గట్టి పనికి, నడకకు ముందు షుగర్ చూసుకోవాలె. 90 కంటే తక్కువుంటే ఏదన్న తిని కదలాలె. 70 కంటే తగ్గితే ఉన్నచోటనే కూసొని మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలుపుకుని తాగాలె, పావుగంట తర్వాత మళ్ల చూడాలె, తగ్గే ఉంటే మళ్ల తాగాలె. తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు, 108కు ఫోన్ చేయాలె. పగలు బాగ కష్టపడితే ఆ దెబ్బ రాత్రి నిద్రలో కూడా పడొచ్చు. ఇంకోటి, తొడకు ఇన్సులిన్ సూది వేసుకుని వెంటనే నడిస్తే మందు తొందరగా ఎక్కుతది.

షుగర్ 250 దాటి ఒంట్లో నలతగా, వాంతులుగా ఉంటే ఆ రోజు నడక వద్దు, దవాఖానాకు పోవాలె. టైప్-1 ఉన్న పిల్లలకు ఇది మరీ ముఖ్యం. కబడ్డీ, వంద మీటర్ల పరుగు లాంటివి ఆడిన వెంటనే షుగర్ తగ్గకుండా పెరిగిందని భయపడొద్దు. ఒళ్లు ఒక్కసారి బిగిస్తే అడ్రినలిన్ వచ్చి కాలేయం నుంచి గ్లూకోజ్ దించుతది, కాసేపటికి సర్దుకుంటది.

బాపును డాక్టర్ దగ్గరికి మేమే తీసుకపోయినం, సర్కారు దవాఖానాకే. చాయ్ సంగతి చెప్పినం. గోళీ టైము మార్చిండు, గ్లిమిపిరైడ్ తగ్గించిండు. రాత్రి షిఫ్టు వారంలో ఏ పూట తిండికి ముందు ఏది వేసుకోవాల్నో కాగితం మీద రాయించుకున్నం. వచ్చి గోర్‌బోలీలో యాడికి చెప్పినం. ఇప్పుడు బాపు అంగీ జేబులో చక్కెర పొట్లం ఉంటది. గేటు దగ్గర చెక్ చేసేటోళ్లు అడిగితే చాయ్‌లోకి అంటడు.

నడక ఎప్పుడు అనేది తర్వాతి లొల్లి. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్లు 41 మంది టైప్-2 వాళ్లతో చేసిన పరిశోధన 2016లో వచ్చింది. రోజుకు ఒక్కసారి అరగంట నడిచిన రోజులకంటే, ప్రతి పూట తిన్నాక పదేసి నిమిషాలు నడిచిన రోజుల్లో తిన్న తర్వాతి షుగర్ 12 శాతం తక్కువుందట. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. ఇది బాపుకు అతికినట్టు సరిపోయింది. అరగంట ఆయనకు దొరకదు. పది నిమిషాలు దొరుకుతయి.

మేము కూడా చూసినం. ఒక ఆదివారం అన్నం తిన్న గంటకు బాపు షుగర్ 236. పదిహేను నిమిషాలు నడిపించి కాసేపు ఆగి చూస్తే 191. ఇంకో ఆదివారం అదే తిండి తినిపించి కూసోబెట్టినం, 229 ఉన్నది 241 అయింది. గ్లూకోమీటర్‌లో అటు ఇటు పదిహేను శాతం దాకా తేడా ఉండొచ్చు, రెండు ఆదివారాలు పెద్ద రుజువూ కాదు. కానీ బాపు మా మాటల కంటే ఆ మిషిన్ మాటే ఎక్కువ విన్నడు. మళ్లమళ్ల వేలు చాపి "సూడుర్రి" అన్నడు. ఒక్కో స్ట్రిప్ ఇరవై రూపాయల దాకా పడుతది, ఎన్నిసార్లని చూస్తం! చూసే ముందు చెయ్యి కడగాలె. వేలికి బెల్లం అంటుకుని ఉన్న రోజు 310 చూపించి అందరినీ ఆగం చేసింది.

ఎక్కడ నడవాల్నో కూడా చెప్పాలె. సంగారెడ్డిలో మహబూబ్ సాగర్ చెరువు కట్ట మీద పొద్దున బూట్లు, ట్రాక్‌సూట్లు వేసుకుని నడిచేటోళ్లను రోజూ చూస్తం. ఇస్నాపూర్‌లో ఆ వైభోగం లేదు. హైవే మీద లారీలు, లోపలి రోడ్ల మీద ట్యాంకర్లు, కొన్ని రాత్రులు ముక్కు పగిలే వాసన. పటాన్‌చెరు డాక్టర్ కిషన్ రావు గారు ఈ కాలుష్యం మీద ఏండ్ల తరబడి కొట్లాడిన్రు, ఆ కథ వేరే పోస్టు అయితది. మందులు తయారుచేసే కంపెనీల నడుమ ఉండి, మందు తగ్గించుకోవడానికి నడుద్దమంటే గాలి దొరకదు. యాడి అయితే చీకటి పడ్డాక రోడ్డు మీద నడిచే ముచ్చటే లేదు. అందుకే ఇద్దరూ కిరాయి బిల్డింగ్ టెర్రస్ మీద తిరుగుతరు. ఆ మూల నుంచి ఈ మూలకు ముప్పై రెండు అడుగులు, యాడి లెక్క.

నడక విసుగొస్తే యాడి దగ్గర ఇంకో ఉపాయం ఉంది. తీజ్‌కు తొమ్మిది రోజులు గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ ఆడుతరు గద, ఆ ఆటే ఫోన్‌లో పాట పెట్టుకుని పది నిమిషాలు ఆడుతది. చెమట పడుతది, ఊపిరి ఎగబోస్తది. డాక్టర్లు ఓ మోస్తరు శ్రమ అని చెప్పేది కూడా అదే, మాట్లాడగలగాలె గానీ పాట పాడలేనంత ఊపిరి ఆడాలె. మా ఉట్నూరు దోస్తు గుస్సాడీ, ధింసా చూపించిండు. రూమ్‌లో నలుగురం ఆడితే కింది రూమోళ్లు వచ్చి తలుపు కొట్టిన్రు. జిమ్ ఫీజు కట్టలేమని బాధపడేటోళ్లు ఒకసారి ధింసా అరగంట ఆడి చూడండి.

కాళ్ల గురించి రాయకుండా ఆపలేం. షుగర్ ఎక్కువ కాలం ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతది. ముల్లు గుచ్చినా, బూటు కొరికినా తెలియదు. కంపెనీలో ఇచ్చే సేఫ్టీ బూట్లు బాపుకు ఒక సైజు చిన్నవి. రోజంతా చెమటలో నానుతయి. ఎడమ చిటికెన వేలు పక్కన పుండు అయితే ఆయనకు తెలియలే, యాడి కంటపడ్డది. సమయానికి కట్టు కట్టించినం, మానింది. అప్పటి నుంచి ప్రతి రాత్రి యాడి దీపం కింద రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూస్తది. తండాకు పోయినప్పుడు బాపు ఉట్టి కాళ్లతో చేనుకు పోతనంటే ఒప్పుకోదు. కంటి నరాల్లో నెత్తురు కారే జబ్బు ఉన్నోళ్లు బరువులు ఎత్తే ముందు కంటి డాక్టర్‌ను అడగాలె, అది కూడా గుర్తుంచుకోండి.

తిండి గురించి ఒక్క ముక్క. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, జొన్న, సజ్జ మీద పనిచేసే సంస్థ. వాళ్లు ముందుండి చేసి 2021లో అచ్చువేసిన అధ్యయనంలో, చిరుధాన్యాలు రోజూ తిన్న షుగర్ రోగుల్లో గ్లూకోజ్ 12 నుంచి 15 శాతం తగ్గినట్టు తేలింది. మన జొన్న బాటి గురించి ఆ గోడల అవతల పెద్దపెద్ద సైంటిస్టులు రాస్తుంటే, గోడ ఇవతల మనోళ్లు మూడు పూటలా రేషన్ బియ్యం తింటున్నరు. యాడి రాత్రి పూట బాటి మళ్ల మొదలుపెట్టింది. జొన్నలు బియ్యం కంటే పిరం, అందుకే ఒక్క పూటే.

నాలుగు నెలల తర్వాత బాపు హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. డాక్టర్ ఇంకా ఎక్కువే ఉంది, 7 దగ్గరికి రావాలె అన్నడు. సైకిల్ మళ్ల బయటికొచ్చింది, పగటి షిఫ్టు వారంలో మాత్రమే. యాడి కూడా పరీక్ష చేయించుకుంది, పరగడుపున 112. ఆమె అంచున ఉందన్నమాట. టెర్రస్ మీద ఇప్పుడు ఆమెనే ముందు నడుస్తుంది.

మాకు ఇంకా సరిగ్గ కుదరంది రాత్రి షిఫ్టు వారం. పగలు పడుకుని సాయంత్రం లేచేటోళ్లు ఏ తిండి తర్వాత నడవాలె, ఎప్పుడు పడుకోవాలె అనేది పగటి మనుషులకు రాసిన కాగితాల్లో దొరకట్లేదు. పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల, ఎక్కడైనా మీ ఇంట్లోళ్లు షుగర్ ఉండి రాత్రి షిఫ్టు చేస్తుంటే వాళ్లు తినే టైము, గోళీ టైము, నడిచే టైము కింద రాయండి. కంపెనీ పేర్లు వద్దు, ఇంట్లోళ్ల పేర్లు వద్దు. వచ్చే నెల డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఆ కాగితం తీసుకపోతం.